777 – ఎవరి అనుమతితో?

(బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

మన కంప్యూటర్ లాబ్‌లో ఏ ప్రోగ్రాం మొండికేసినా పక్కవాడు చెప్పే మందు ఒక్కటే. "777 పెట్టెయ్ రా, పోతుంది." జ్వరానికీ, తలనొప్పికీ, కాలు బెణికినా కూడా ఒకటే గోళీ ఇచ్చే డాక్టరు ప్రతి ఊళ్ళోనూ ఒకడుంటాడు. ఈ 777 అలాంటి గోళీ. నిజంగానే పోతుంది. "పర్మిషన్ డినైడ్" అన్న మాట తెరమీంచి మాయమౌతుంది, అవుట్‌పుట్ వస్తుంది, రికార్డు మీద సంతకం పడుతుంది. దానితోపాటు ఇంకేం పోయిందో ఎవరూ అడగరు. ఈ వ్యాసంలో నేను అడగదలచుకున్నది అదే.

ఈ సంచికని తెలుగు, చరిత్ర, వాణిజ్యశాస్త్ర విభాగాల మిత్రులు కూడా చదువుతారు గదా, వాళ్ళకోసం రెండు ముక్కలు. యూనిక్సులోనూ, దాని అడుగుజాడల్లో 1991లో పుట్టిన లైనక్సులోనూ ప్రతి ఫైలుకీ మూడు రకాల మనుషులుంటారు. యజమాని, అతని గ్రూపు, మిగతా అందరూ. మా ఊరి లెక్కలో చెప్పాలంటే పొలం పట్టాదారు, బోరులో వాటావున్న పాలివాళ్ళు, ఇక ఊరంతా. ఒక్కొక్కరికి మూడు హక్కులు: చదవటానికి 4, రాయటానికి 2, నడపటానికి 1. ఎవరికి ఏయే హక్కులిచ్చారో ఆ అంకెలు కూడితే ఒక్కో రకానికి ఒక్కో అంకె వస్తుంది. 640 అంటే యజమాని చదువుతాడు, రాస్తాడు, గ్రూపువాళ్ళు చదువుతారు, ఊరికి ఏమీ లేదు. 777 అంటే అందరికీ అన్నీ. దారినపోయే దానయ్య మోటారు వెయ్యొచ్చు, ఆపొచ్చు, స్టార్టరు డబ్బా విప్పుకుని పట్టుకుపోవచ్చు.

ఈ అంకెల్ని మార్చే పనిముట్టు పేరు సీహెచ్‌మాడ్. ఇది నిన్నమొన్నటిది కాదు. అమెరికాలో బెల్ లాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ తయారుచేసిన యూనిక్సుకి మొదటి మాన్యువల్ 1971 నవంబరు 3 తేదీతో వెలువడింది. అందులోనే సీహెచ్‌మాడ్ వుంది, అదీ రెండు రూపాల్లో. మనిషి కీబోర్డు దగ్గర కూర్చుని టైపు చేసే ఆజ్ఞగా ఒకటి, ప్రోగ్రాం తనంతట తాను కెర్నెలుని అడిగే సిస్టం కాల్‌గా ఇంకొకటి. అప్పటికి గ్రూపు అనేది లేదు, యజమాని, తక్కినవాళ్ళు, అంతే. పాలివాళ్ళు తరువాత వచ్చారు.

మనకి పాఠంగా చెప్పేది మొదటి రూపమే. "సీహెచ్‌మాడ్ ఆజ్ఞ వాక్యనిర్మాణం రాయుము, 5 మార్కులు." రెండో రూపం గురించి అడిగిన ప్రశ్నపత్రం నేను చూడలేదు. నా అభిప్రాయంలో అసలు ప్రమాదం రెండోదాంట్లోనే వుంది. మనిషి చేత్తో చేసిన పొరపాటు ఒక ఫైలుకి, ఒకసారి జరుగుతుంది. ప్రోగ్రాంలో రాసిన పొరపాటు రాసినవాడు నిద్రపోతున్నప్పుడు కూడా, పుట్టిన ప్రతి ఫైలుకీ జరుగుతూ వుంటుంది. రాసినవాడు పాసై వెళ్ళిపోయిన తరువాత కూడా జరుగుతుంది.

ఒక సంగతి చెబుతాను. రెండేళ్ళ కిందట ఒక కళాశాలలో (పేరు ఇక్కడ అనవసరం) యువజనోత్సవాలకి పేర్లు నమోదు చెయ్యటానికి సీనియర్లు ప్రోగ్రాం రాశారు. పేరు, తరగతి, హాస్టలు గది, ఫోను నంబరు అన్నీ ఒకే ఫైల్లో పడేవి. ఆ ప్రోగ్రాం మొదట్లోనే యూమాస్కుని సున్న చేసి, ఫైలుని 666తో పుట్టించింది. ఎందుకంటే వెబ్ సర్వరు ఒక పేరు మీద నడుస్తుంది, సీనియర్లు ఇంకో పేరు మీద లాగిన్ అవుతారు, ఇద్దరూ రాయాలి. సాయంత్రం నమోదు అయిపోయాక 600కి మార్చేవాళ్ళు. పగలల్లా ఆ సర్వరులో ఖాతా వున్న ప్రతివాడికీ ఆ ఫైలు తెరిచిన పుస్తకమే. ఆ ఫైల్లో మా బాబాయి కూతురి నంబరు వుంది. వ్యాసరచన పోటీకి పేరిచ్చింది. వారం తిరక్కుండా రాత్రిళ్ళు ఫోన్లు మొదలయ్యాయి. ఆ అమ్మాయికే కాదు, ఆ హాస్టల్లో చాలామందికి. ఫిర్యాదు వెళితే వచ్చిన జవాబు: "ఆ ఫైలు పర్మిషన్ ఆ రోజు సాయంత్రమే మార్చేశామండీ." మా బాబాయి రెండెకరాల రైతు, ఆయనకి పర్మిషన్ అంటే ఏమిటో తెలియదు. చదువు మాన్పించలేదు గాని హాస్టలు మాన్పించాడు. ఆ పిల్ల ఆనాటినుంచీ పొద్దున్న ఆరున్నర బస్సుకి వెళ్ళి చీకటిపడ్డాక ఇంటికొస్తోంది.

"సాయంత్రమే మార్చేశాం" అన్నమాటలో అబద్ధం లేదు. అది జవాబు కాదు, అంతే. చేను మేసిన తరువాత కంచె వేసినట్టు. కాపీ అయిపోయిన నంబర్లు 600 అనగానే వెనక్కి రావు, అది అందరికీ తెలుసు. చాలామందికి తెలియనిది ఇంకొకటుంది. కెర్నెలు అనుమతిని ఫైలు తెరిచేటప్పుడు చూస్తుంది, ఆ తరువాత చదివే ప్రతిసారీ చూడదు. మధ్యాహ్నం మూడింటికి ఫైలు తెరిచి పట్టుకున్న ప్రోగ్రాం వుందనుకోండి, అయిదింటికి మీరు 600 చేసినా, అది ఆరింటికీ ఏడింటికీ చదువుతూనే వుంటుంది, కొత్తగా చేరిన పేర్లతో సహా. మీరు తలుపు వేశారు, వాడు లోపలే వున్నాడు.

కాబట్టి "ముందు పుట్టిద్దాం, తరువాత మారుద్దాం" అనే వరసే తప్పు. ఆ రెండు వరుసల మధ్య వున్న సందు ఎంత చిన్నదైనా సందే. ఓపెన్ అనే కాల్‌కి మూడో అంకె ఇవ్వటం ఎందుకు పెట్టారు? ఫైలు ఏ అనుమతితో పుట్టాలో పుట్టినప్పుడే చెప్పమని. 0600తో పుట్టించండి. యూమాస్కు గురించి భయపడనక్కర్లేదు, అది తీసివేతే గాని కూడిక ఎరగదు. మీరు అడిగిన హక్కుల్లోంచి కొన్ని కొట్టేస్తుంది గాని కొత్తవి కలపదు. 022 యూమాస్కు వుంటే 666 అడిగినవాడికి 644 వస్తుంది, 600 అడిగినవాడికి 600 వస్తుంది. ఫైల్లో రాయవలసింది రాసేసి, చూడవలసినవాళ్ళు వుంటే అప్పుడు సీహెచ్‌మాడ్‌తో 640 చెయ్యండి. ఇక్కడ సీహెచ్‌మాడ్ పని తలుపు తెరవటం. మనవాళ్ళు దాన్ని మూయటానికి వాడుతున్నారు, అదీ తంటా.

(యూమాస్కు గురించి ఒక చోద్యం. దాన్ని "నీ విలువెంత?" అని అడిగే సిస్టం కాల్ లేదు. ఏదో ఒక కొత్త విలువ ఇస్తే పాతది చెబుతుంది, అప్పుడు పాతదాన్ని మళ్ళీ పెట్టుకోవాలి. ఒక ప్రోగ్రాంలో పది థ్రెడ్లు నడుస్తుంటే పదింటికీ ఒకటే యూమాస్కు. ఒకటి మార్చి మళ్ళీ పెట్టేలోపు ఇంకొకటి ఫైలు పుట్టిస్తే దాని జాతకం మారిపోతుంది.)

మూసివుంచి, అవసరమైతేనే తెరవాలన్నది నా సొంత సిద్ధాంతమేమీ కాదు. 1975లో సాల్ట్‌జర్, ష్రోడర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కంప్యూటర్లలో సమాచార రక్షణ గురించి రాసిన వ్యాసంలో ఇదొక మూలసూత్రంగా పెట్టారు. అనుమతి ఇవ్వనంతవరకూ లేనట్టే లెక్కించాలని. అర్ధశతాబ్దం కిందటి మాట. మన లాబ్‌కి ఇంకా చేరలేదు.

ఇక అంకెల దగ్గర ఒక గొయ్యి వుంది, నాకు చాలా ఇష్టమైన గొయ్యి. సీ భాషలో అంకె ముందు సున్న పెడితేనే అది ఎనిమిదుల లెక్క. 0644 అని రాయవలసినచోట 644 అని రాస్తే కంపైలరు కిక్కురుమనదు. కాని అది పదుల లెక్కలో ఆరువందల నలభైనాలుగు. దాన్ని ఎనిమిదుల లెక్కలోకి మార్చి చూడండి, 1204 వస్తుంది. ముందున్న 1 స్టికీ బిట్టు, లైనక్సులో మామూలు ఫైలుకి దానివల్ల ఒరిగేది లేదు. మిగిలింది 204. యజమానికి 2, అంటే రాయటమే గాని చదవటం లేదు. గ్రూపుకి సున్న. ఊరందరికీ 4, హాయిగా చదువుకోవచ్చు! పోనీ, ఊరందరిలో నేనూ ఒకణ్ణే గదా అని యజమాని వాదిస్తే కెర్నెలు ఒప్పుకోదు. యజమానివైతే నీకు యజమాని అంకే వర్తిస్తుంది, అంతే. సొంత చేలోకి రైతుకి దారి లేదు, ఊరివాళ్ళకి వుంది. (ఇలాంటి తగవులు మా ఊళ్ళో కంప్యూటరు లేకుండానే జరుగుతుంటాయి.) అలాగే 600 అని సున్న లేకుండా రాస్తే 1130 అవుతుంది. యజమానికి నడిపే హక్కు మాత్రం, గ్రూపుకి రాసే హక్కు, నడిపే హక్కు. 2008లో వచ్చిన పైథాన్ మూడవ సంస్కరణ 0644 అనే రాతనే తప్పని తిప్పికొడుతుంది, సున్న తరువాత ఓ అక్షరం పెట్టి తీరాలి. మంచిపనే. కాని ఉత్త 644 అంటే అక్కడా లోపలికి పోతుంది.

సీహెచ్‌మాడ్ తన పని జరిగిందో లేదో చెబుతుంది, జరిగితే సున్న, జరక్కపోతే మైనస్ ఒకటి. ఆ జవాబు వినేవాళ్ళేరీ? నేను చూసిన ప్రోగ్రాముల్లో చాలావాటిలో ఆ కాల్ పిలిచి ఊరుకుంటారు. ఫైల్లో రాసే హక్కు వున్నంతమాత్రాన దాని అనుమతులు మార్చే హక్కు రాదు. యజమాని అయివుండాలి, లేదా రూట్ అయివుండాలి. వేరొకడి ఫైలు మీద పిలిస్తే కెర్నెలు కుదరదంటుంది, ప్రోగ్రాం ఆ మాట వినిపించుకోకుండా "మీ వివరాలు భద్రము" అని తెరమీద అచ్చువేస్తుంది. మనం ప్రాక్టికల్స్ మోసుకొచ్చే పెన్‌డ్రైవుల సంగతి మరీ విచిత్రం. వాటిల్లో చాలావాటికి ఫ్యాట్ పద్ధతి, ఈ మూడంకెలు దాచుకునే చోటే అందులో లేదు. విండోస్ మీద కూడా సీ భాషలోని సీహెచ్‌మాడ్ "చదవటానికి మాత్రమే" అనే ఒక్క గుర్తుని మార్చటం తప్ప పెద్దగా చేసేదేమీ వుండదు. అక్కడి తాళాల పద్ధతి వేరు.

పేరుతో పిలవటం గురించి కూడా ఒకమాట. సీహెచ్‌మాడ్‌కి మనం ఇచ్చేది ఫైలు పేరు. మనం చూసిన క్షణానికీ, మార్చిన క్షణానికీ మధ్య ఆ పేరు వేరే ఫైలుకి అంటించవచ్చు. సింబాలిక్ లింకు పెడితే సీహెచ్‌మాడ్ దాని వెంటపడి అవతలి ఫైలుని మారుస్తుంది. రాత్రికిరాత్రి సర్వే రాయి జరిపి పొద్దున్నే కొలిపించినట్టు. ముఖ్యంగా రూట్ హోదాలో నడిచే ప్రోగ్రాం అందరూ రాయగల డైరెక్టరీలో ఈ పని చేస్తే దొంగకి పండగే. 1983లో బర్క్లీ వాళ్ళ యూనిక్సుతో ఎఫ్‌సీహెచ్‌మాడ్ అనేది వచ్చింది. అది పేరుని చూడదు, మన చేతిలో తెరిచివున్న ఫైలునే మారుస్తుంది. వున్నది గదా, వాడితే ఏం?

తాత్కాలిక ఫైళ్ళ విషయంలో మనకంటే గొప్పవాళ్ళే దెబ్బతిన్నారు. 1960లలో ఎం.ఐ.టి.లో సి.టి.ఎస్.ఎస్. అని ఒక టైంషేరింగ్ వ్యవస్థ వుండేది. ఒకనాడు లాగిన్ అయినవాళ్ళకి ఆరోజు ప్రకటనకి బదులు అందరి పాస్‌వర్డులూ వరసగా అచ్చవటం మొదలైంది! జరిగిందేమిటంటే, అక్కడి ఎడిటరు ప్రోగ్రాం తాత్కాలిక ఫైలుకి ఎప్పుడూ ఒకటే పేరు పెట్టేది. నిర్వాహకులిద్దరు ఒకేసారి, ఒకరు ప్రకటననీ ఇంకొకరు పాస్‌వర్డులనీ దిద్దుతుంటే రెండూ తారుమారయ్యాయి. ఆ వ్యవస్థకి పెద్దదిక్కైన కార్బటో తన ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో ఈ కథ దాచకుండా చెప్పుకున్నాడు. ఇవాళ ఎంకేస్టెంప్ అనే ఫంక్షను వుంది. ఎవరికీ లేని పేరు వెతికి, 0600తో ఫైలు పుట్టించి, తెరిచి చేతికిస్తుంది. దాని తొలిరోజుల్లో గ్నూ వాళ్ళ లైబ్రరీ 0666తో పుట్టించేది, తరువాత దిద్దుకున్నారు.

ఫైలుకి 444 పెట్టి "ఇక దీన్నెవడూ చెరపలేడు" అని గుండెమీద చెయ్యివేసుకునే మిత్రులకి ఒక హెచ్చరిక. ఫైలుని తొలగించే హక్కు ఫైలు దగ్గర వుండదు, అది వున్న డైరెక్టరీ దగ్గర వుంటుంది. డైరెక్టరీకి 777 వుంటే మీ 444 ఫైలుని ఎవడైనా ఎత్తి పారెయ్యగలడు. అందుకే అందరూ వాడుకునే టెంప్ డైరెక్టరీకి 1777 వుంటుంది. ఇందాక పనికిరాదన్న స్టికీ బిట్టు ఇక్కడ పనికొస్తుంది, ఎవడి ఫైలు వాడే తీసుకోవాలని.

నా వాదన విని మా లెక్చరర్ గారొకరు నవ్వారు. "ముందు ప్రోగ్రాం నడవనీవయ్యా, తాళాలు తరువాత చూసుకుందాం" అన్నారు. ఆయన మీద నాకు గౌరవం వుంది, ఆయన మాటలో కొంత నిజమూ వుంది. అరవైమందికి ముప్ఫై మిషన్లున్న లాబ్‌లో ఆయన ఎవరికని చెబుతారు? కాని అలా "తరువాత" అన్న ప్రోగ్రామే రేపు నమోదు ప్రోగ్రాం అవుతుంది, ఎల్లుండి ఏదో ఆఫీసులో మనుషుల ఆధార్ నంబర్లు, భూముల లెక్కలు మోసే ప్రోగ్రాం అవుతుంది. మనలో పాతికమందైనా అలాంటి ఉద్యోగాలకే పోతారు. వ్యక్తిగత సమాచారాన్ని కాపాడే బాధ్యత దాన్ని తీసుకున్నవాడిదేనని 2023లో మన పార్లమెంటు చట్టమే చేసింది. చట్టం చదివి ఎవడూ ప్రోగ్రాం రాయడు, చేతికి అలవాటైనట్టు రాస్తాడు. ఆ అలవాటు పడేది ఇక్కడే, ఈ ముప్ఫై మిషన్ల మీదే.

ఇంకొక సంగతి కూడా నిజాయితీగా చెప్పాలి. 777 కొట్టే కుర్రవాణ్ణి సోమరి అని తిట్టటం తేలిక. వాడికి వేరే దారి ఇచ్చామా? ప్రాజెక్టు నలుగురు కలిసి చెయ్యాలి. నలుగురికి నాలుగు ఖాతాలు. ఒకడు రాసినది మిగతా ముగ్గురు దిద్దాలి. గ్రూపు అనేది సరిగ్గా దీనికోసమే పుట్టింది. కాని కొత్త గ్రూపు సృష్టించటం విద్యార్థి చేతిలో లేదు, రూట్ పాస్‌వర్డు వున్నవాళ్ళే చెయ్యాలి. మన సర్వరులో విద్యార్థులందరికీ కలిపి ఒకటే గ్రూపు. అంటే పాలివాళ్ళకీ ఊరివాళ్ళకీ తేడా లేదు, 770 పెట్టినా 777 పెట్టినా ఒకటే. పాలివాళ్ళ పేర్లు రాసివ్వమంటే రాయనివాళ్ళు, గేటు తెరిచివుందేమిటని రైతుని కోప్పడితే ఎలా? ఆ యువజనోత్సవాల ప్రోగ్రాం రాసినవాళ్ళ విషయంలోనూ నాకు ఇదే అనిపిస్తుంది. వెబ్ సర్వరునీ ఆ నలుగురు సీనియర్లనీ ఒక గ్రూపులో వేసివుంటే 660తో సరిపోయేది. వేసేవాడు లేక 666 వేశారు. వాళ్ళ తప్పు లేదనను. తప్పంతా వాళ్ళదీ అనను.

ఈ వాదనని చివరిదాకా లాగితే సెట్‌యూఐడీ దగ్గర ఆగాలి. పాస్‌వర్డుల ఫైలుని మామూలు మనిషి ముట్టుకోలేడు, కాని తన పాస్‌వర్డు తాను మార్చుకోవాలి. ఎలాగ? ఎవరు నడిపినా యజమాని హోదాలో నడిచే ప్రోగ్రాం ఒకటి మధ్యలో పెట్టారు. ఇది డెన్నిస్ రిచీ ఆలోచన, దీనిమీద 1979లో పేటెంటు కూడా వచ్చింది. అందమైన ఆలోచనే. కాని ఆ బిట్టు పెట్టిన ప్రోగ్రాంలో లోపముంటే కంచే చేను మేస్తుంది. సీహెచ్‌మాడ్ 4755 అని సరదాకి కొట్టి చూసే మిత్రులు ఆ సరదా సొంత మిషన్ మీద తీర్చుకోవటం మేలు.

కావలసినవి పెద్దవేమీ కావు. ప్రతి ప్రాజెక్టు జట్టుకీ సర్వరు మీద ఒక గ్రూపు, ఆ గ్రూపు పేరుమీద 2770తో ఒక డైరెక్టరీ. ముందున్న ఆ 2 వల్ల లోపల పుట్టే ఫైళ్ళన్నీ ఆ గ్రూపువే అవుతాయి. జట్టులోవాళ్ళు 007 యూమాస్కు పెట్టుకుంటే బయటివాళ్ళకి తలుపు దానంతటదే మూసుకుంటుంది. అరవైమంది తరగతికి పదిహేను గ్రూపులు, ఒక మధ్యాహ్నం పని. వైవాలో "మీ ఫైలు ఏ అనుమతితో పుట్టింది, ఎందుకు?" అని ఒక్క ప్రశ్న. దీనికి నిధులు అక్కర్లేదు, యూనివర్సిటీ ఆమోదమూ అక్కర్లేదు. విద్యార్థి సంఘం పెద్దలు విభాగాధిపతి గారిని కలిసినప్పుడు ఫ్యాన్లు, మంచినీళ్ళతోపాటు ఇది కూడా కాగితం మీద రాయవలసిందిగా కోరుతున్నాను.

మన యువజనోత్సవాలకి కూడా ఈసారి పేర్లు కంప్యూటర్లోనే నమోదు చేస్తారని వింటున్నాను. ఆ ప్రోగ్రాం ప్రతి ఒకటి తీసి సంఘం నోటీసుబోర్డులో అంటించండి. ఓపెన్ అన్న వరుస ఎక్కడుందో, దానిలో మూడో అంకె ఎంతో చూశాకనే నేను పేరిస్తాను.